ఫ్యాను కింద కారిన గ్రీజు

నాగలతకు సిమెంటు ఫ్యాక్టరీలో దొరికింది చీపురు పని. అది 2016 ఎండాకాలం. ముద్దనూరు పక్క పల్లెలో అత్తగారింటికి నూటపాతిక గొర్రెలుండేవి. రెండేళ్ళు వరుసగా వానలు తప్పి, మేపే బీళ్ళు తగ్గిపోయి, మందలో సగం అమ్మేశారు. మిగిలినవాటిని మేపడానికి భర్త మోహన్ ఒక్కడు చాలు. ఇద్దరూ వాటి వెంట తిరగడంలో అర్థం లేదని నాగలతే తేల్చింది. ఎర్రగుంట్ల దగ్గరి ఫ్యాక్టరీలో చిమ్మడానికి ఆడవాళ్ళను తీసుకుంటున్నారని తెలిసి, ఆధార్ కార్డు జిరాక్సు పట్టుకుని పోయి కాంట్రాక్టరు దగ్గర పేరు రాయించుకుంది.

అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. చదివింది ఏడో తరగతి. మాట తక్కువ. మాట్లాడితే మటుకు మొహం మీదే మాట్లాడేది. ఒకసారి మనసు విరిగిన మనిషితో మళ్ళీ మాట కలపడానికి ఆమెకు ఏళ్ళు పట్టేదని ఇంట్లోవాళ్ళే చెబుతారు.

ఆమెకు అప్పగించింది సిమెంటు మిల్లు వెనకవైపు. అక్కడ ఇద్దరు మనుషుల ఎత్తు ఫ్యాను ఒకటుంది. మిల్లులోని దుమ్ముగాలిని వడపోత సంచుల గుండా లాగేది అదే. అది ఆగితే మిల్లు ఆగుతుంది. ఫ్యాను ఇరుసుకు రెండు వైపులా ఇనప దిమ్మెలుంటాయి. ఇరుసును మోసే బేరింగులు వాటి లోపల తిరుగుతాయి. ఆ దిమ్మెల చుట్టూ రోజూ పడే దుమ్మును ఎత్తి బయట పొయ్యడం నాగలత పని.

మూడో రోజు ఆమె ఒక తప్పు చేసింది. ఇరుసు దిమ్మెలోకి దూరే చోట, చుట్టూ ఉంగరంలా గ్రీజు పేరుకుని, దాని మీద దుమ్ము అంటి నల్లగా కనిపించింది. మధ్యాహ్నం మిల్లు ఆపి ఉన్నప్పుడు గోనెపట్టా తీసుకుని ఆ గ్రీజంతా తుడిచి, ఇనుము తళతళలాడేట్టు చేసింది. కాసేపటికి గ్రీజు వేసే లాల్ బాషా వచ్చాడు. ప్రొద్దుటూరు మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, ఫ్యాక్టరీలో సున్నపురాయి కాల్చే పెద్ద పొయ్యి మొదట వెలిగించిన నాటినుంచి అక్కడే ఉన్నాడు. ఎవరు తుడిచారని అడిగాడు. నేనే అని చెప్పింది. ఆయన అరవలేదు. గ్రీజు గన్ను తగిలించి మెల్లగా కొట్టి, అంచున కొత్త గ్రీజు కొంచెం ఉబికి చుట్టూ నిలబడేదాకా చూసి, అప్పుడు చెప్పాడు.

“ఆ అంచున ఉండేది చెత్త గాదమ్మీ. వాకిట్లో కూర్చోనుండే ముసలమ్మ అనుకో. ఆమె ఉన్నంతసేపు దుమ్ము లోపలికి పోదు. ఆమెను లేపినావంటే ఇంట్లోకి ఎవురైనా పోతారు.”

అయితే ఏది తుడవాలి అని ఆమె అడిగింది. కింద పడినదాన్ని తుడవమన్నాడు. గ్రీజు ఎక్కించే చిన్న ముక్కు మూతిని మాత్రం ముందొకసారి, తర్వాతొకసారి శుభ్రమైన నూలుగుడ్డతో తుడవాలన్నాడు. గోనెపట్టా వద్దన్నాడు. దాని పీచు ఒక్కటి లోపలికి పోయినా చాలట, రాయి మింగిన కోడిలాగా అవుతుందట బేరింగు.

ఆరోజు నుంచి ఆయన తన వైపు వచ్చినప్పుడల్లా నాగలత చీపురు పక్కన పెట్టి చూసేది. బాషాకు చెప్పడం ఇష్టమే గాని, అడిగినవాళ్ళు లేక మానేసినట్టున్నాడు. గ్రీజంటే ఏమిటో ఆయనే చెప్పాడు. అది నూనెను పట్టుకుని ఉండే సబ్బు. పని చేసేది నూనె. సబ్బు దాన్ని జారిపోకుండా పట్టి ఉంచి, కావలసినప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. మెల్లగా తిరుగుతూ పెద్ద బరువు మోసేదానికి లోపలి నూనె చిక్కగా ఉండాలి, లేకపోతే బరువు కింద పొర చిరిగిపోయి ఇనుము ఇనుమును రాచుకుంటుంది. వేగంగా తిరిగే మోటారుకు పల్చటి నూనె కావాలి. చిక్కటిది వేస్తే అందులో చిలుకుకుంటూనే వేడెక్కిపోతుంది. పొయ్యి దగ్గరివాటికి వేడికి కరగనిది, నీళ్ళు తగిలేవాటికి నీటికి కొట్టుకుపోనిది. బాషా దగ్గర నాలుగు డబ్బాలు, నాలుగు గన్నులు ఉండేవి. ఒకదాని గన్ను ఇంకోదానికి వాడనిచ్చేవాడు కాదు. అక్షరాలు చెరిగిపోతాయని ప్రతి ముక్కు పక్కనా ఆ డబ్బా రంగు పెయింటు చుక్క పెట్టి ఉంచాడు.

నాగలతకు ఇంకో అలవాటు ముందునుంచే ఉంది. పొద్దున్నే దొడ్డి చిమ్మేటప్పుడు ఏ మూల పెంటికలు పల్చబడ్డాయో చూసేది. గొర్రె పడకేయకముందే రోగం అక్కడ తెలుస్తుంది. ఫ్యాక్టరీలోనూ అదే చూపు. ఏ దిమ్మె కింద ఎంత గ్రీజు పడింది, నిన్నటి రంగేనా, గట్టిగా ముద్దగా ఉందా, ఇసుక తగులుతోందా అని వేలితో తీసి చూసేది. చూడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2018లో లాల్ బాషా మానుకున్నాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, కాంట్రాక్టులో వయసు కూడా దాటిపోయింది. ఆయన చోట కాంట్రాక్టరు ఇద్దరు కొత్తవాళ్ళను పెట్టాడు. కొన్నాళ్ళకు నాలుగు డబ్బాలు పోయి ఒకే డబ్బా వచ్చింది. అందులో నీలం రంగు గ్రీజు. మోటార్లకు అంతకంటే మంచిది లేదని ఎవరో చెప్పారట. మోటారుకు మంచిదైతే మిగతావాటికి మంచిది కాకుండా పోతుందా అని కాంట్రాక్టరు అన్నిటికీ అదే తెప్పించాడు. మోసమేమీ లేదు. పాత డబ్బాలకంటే అది ఖరీదైనదే. పెయింటు చుక్కలను ఎవరూ పట్టించుకోలేదు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక బుధవారం నాగలత పెద్ద ఫ్యాను దగ్గర చిమ్ముతుంటే, మోటారు వైపు దిమ్మె కింద నేల మీద గంజిలాంటిది కారి ఉంది. తేనెరంగు పాత గ్రీజు కాదు, నీలం కొత్తదీ కాదు. పాచిరంగుగా ఉంది. వేలితో తీస్తే నిలవకుండా జారిపోయింది. అంచున ఉండవలసిన ఉంగరం లేదు. తుడిచేసిన మరుసటి రోజు మళ్ళీ అంతే కారింది. ఆమె క్యాంటీను దగ్గర నీళ్ళ క్యాన్ల మూతలు ఏరుకొచ్చి, కారినదాన్ని ఒక మూతలోకి తీసి, చీటీ మీద తేదీ రాసి కింద అంటించింది. అలా మూడు రోజులకు మూడు మూతలు నిండాయి.

కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఓబులేసుకు చూపించి, ఫ్యాను గ్రీజు తేడాగా ఉందని చెప్పింది. ఆయన మూత వైపు చూడనైనా చూడలేదు.

“నీకు ఇచ్చిన పని ఏంది? చిమ్మేది. చిమ్ము.”

ఆ మాట అన్నందుకు ఆమె ఓబులేసుతో తర్వాత మూడేళ్ళు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ఆదివారం ఆ మూతలను టిఫిను క్యారియర్‌లో పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది. లాల్ బాషా ఇల్లు వెతుక్కుని పోయేసరికి పదకొండయింది. ఆయన గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషిని గుర్తుపట్టలేదు గాని గొంతును గుర్తుపట్టాడు. ఆయన భార్య ముందు అన్నం తినమని పట్టుపట్టి పెట్టింది. తిన్నాక ఆయన మూతలు అందుకుని, బొటనవేలితో చూపుడువేలితో రాసి చూసి, ఇంట్లో ఉంచుకున్న పాత డబ్బా అడుగున ఉన్న గ్రీజు కొంచెం తెమ్మని భార్యకు చెప్పాడు. ఒక స్టీలు పళ్ళెంలో రెండింటినీ పక్కపక్కన పెట్టి, పళ్ళాన్ని ఎండలో గోడకు వాల్చమన్నాడు. అరగంట తర్వాత చూస్తే పాతది పెట్టినచోటే ఉంది. మూతలోది పళ్ళెం అంచుదాకా కారి, పైన నూనె తేలింది.

“నీలంది చెడ్డది గాదమ్మీ. మనదీ చెడ్డది గాదు. రెండింటి సబ్బులు వేరే. ఒకదానితో ఒకటి పడవు. కలిపితే రెండూ విరుగుతాయి, పాలల్లో నిమ్మకాయ పిండినట్ల. లోపల ఇప్పుడు నూనె నిలబడేదానికి ఏమీ లేదు.”

తర్వాత ఏం చేయాలో కూడా చెప్పాడు. దిమ్మె మీద చేయి పెట్టి అయిదు లెక్కపెట్టమన్నాడు. అయిదు దాకా ఉంచగలిగితే ఇంకా టైముంది. రెండుకే తీసేస్తే మటుకు సూపర్‌వైజరుతో పని లేదు, నేరుగా ఇంజనీరు దగ్గరికి పోవాలి. నేను పోతే వింటాడా అని నాగలత అడిగింది. ఆ సంగతి తనకు తెలియదని, పోకపోతే మాత్రం వినడని బాషా అన్నాడు.

సోమవారం ఆమె చేయి ఒకటి అనేలోపే వెనక్కి వచ్చింది.

ఆ విభాగానికి మెకానికల్ ఇంజనీరు సాయిప్రసాద్. జమ్మలమడుగు అబ్బాయి, చేరి ఏడాదయింది. గదిలో కంప్యూటర్ ముందు ఉన్నాడు. నాగలత తలుపు దగ్గర నిలబడి, ఫ్యాను బేరింగు కాలిపోతోందని, గ్రీజు విరిగిపోయిందని ఒక్క ఊపిరిలో చెప్పి మూతలు బల్ల మీద పెట్టింది. సాయిప్రసాద్ ముందు రిజిస్టరు తెరిచాడు. అందులో ఆ బేరింగు వేడి రోజూ అరవై ఆరు డిగ్రీలని రాసి ఉంది. ఇరవై రోజులుగా ఒకే అంకె, ఒకే చేతిరాత. ఆయన ఆ పేజీ వైపు కాసేపు చూసి, వేడి కొలిచే గన్ను తీసుకుని లేచాడు. ఫ్యాను దగ్గర కొలిస్తే ఎనభై ఎనిమిది చూపించింది.

అక్కడిదాకా ఆయన చేసింది సరైనదే. తర్వాత, గ్రీజు చాలక వేడెక్కుతోందనుకుని, కొత్తవాళ్ళను పిలిచి ఇంకా పెట్టమన్నాడు. వద్దని నాగలత రెండుసార్లు చెప్పింది. మూడోసారి ఆయన ఆమె వైపు చూసిన చూపుకు ఊరుకుంది. వాళ్ళు గన్ను పిడి నొక్కి ముప్పై దెబ్బలు గ్రీజు కొట్టారు. గంట తర్వాత ఆయన మళ్ళీ వచ్చి కొలిస్తే తొంభై ఆరు.

ఆ అంకె చూశాక సాయిప్రసాద్ వెనక్కి తిరిగి, నీకు ఇది ఎవరు చెప్పారని ఆమెను అడిగాడు. లాల్ బాషా పేరు, పళ్ళెం సంగతి చెప్పింది. ఆయన అక్కడే ఆమె ఫోను నుంచి బాషాకు చేయించి మాట్లాడాడు. ఫ్యాను హోరులో వినపడక, ఇద్దరూ గోడ వెనక్కి పోయి నిలబడ్డారు. బాషా మొత్తం విని, ఎక్కువ చెప్పలేదు.

“సార్, ముందు మిల్లు నిలపండి. తప్పు ఎవురిదో మళ్ళ మాట్లాడుకోవచ్చు. ఇరుసు బిగుసుకుపోయిందంటే మాట్లాడేదానికి ఏమీ ఉండదు.”

మిల్లు ఆపించడం ఏడాది సర్వీసున్న ఇంజనీరుకు చిన్న విషయం కాదు. సాయిప్రసాద్ పైఅధికారి గదిలో పావుగంట ఉన్నాడు. ఆయన అక్కడ ఏం చెప్పుకున్నాడో నాగలతకు తెలియదు. మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మిల్లు ఆగింది. ఆ మోత ఆగితే చెవులకు వింతగా అనిపించిందని, తన పొరక చప్పుడు తనకే వినపడిందని ఆమె అంటుంది.

దిమ్మె పైమూత ఎత్తి చూస్తే లోపల గ్రీజు లేదు. పల్చటి పులుసులాంటిది అడుగున నిండి ఉంది. రోలర్లు ఎండుగడ్డి రంగుకు తిరిగి, రెండుచోట్ల నీలి మచ్చలు పడ్డాయి. రోలర్లను వరసగా పట్టి ఉంచే ఇత్తడి చట్రం ఒకచోట చిట్లింది. ఇరుసుకు ఏమీ కాలేదు. ఇంకో పూట తిరిగి ఉంటే ఇరుసు కూడా పోయేదని ఫిట్టర్లు అన్నారు. ఇరుసు పోతే కొత్తది వచ్చేదాకా వారాల తరబడి మిల్లు నిలిచిపోయేది.

పాత బేరింగు ఊడదీసి, దిమ్మెను కిరోసిన్‌తో కడిగారు. ఆ కడిగే పని నాగలత అడిగి తీసుకుంది. మూలల్లో ఉన్న నీలం పాచి ఒక్క చుక్క మిగిలినా మళ్ళీ అదే కథ అని ఆమెకు తెలుసు. నూలుగుడ్డతో మూడుసార్లు తుడిచింది. కొత్త బేరింగు ఎక్కించాక, స్టోరులో మిగిలి ఉన్న పాత తేనెరంగు గ్రీజును రోలర్ల సందుల్లో చేత్తో నింపింది కూడా ఆమే. ఎక్కువైతే అందులో చిలుకుకుని మళ్ళీ వేడెక్కుతుందని దిమ్మెలో మటుకు మూడోవంతే నింపి, మిగతా చోటు ఖాళీగా వదిలేశారు. మరుసటి రోజు మధ్యాహ్నం మిల్లు తిరిగింది. సాయంత్రానికి వేడి అరవై నాలుగు దగ్గర నిలబడింది.

ఆమెను ఎవరూ పిలిచి మెచ్చుకోలేదు. పైగా ఆ వారమే ఓబులేసు ఆమెను బస్తాలు నింపే విభాగానికి మార్చాడు. సిమెంటు మేఘంలాగా ఉండే చోటు అది. ముక్కుకు గుడ్డ కట్టుకుని అయిదు వారాలు అక్కడ చిమ్మింది. మానేద్దామని మోహన్‌తో అంది. మోహన్ గొర్రెల దగ్గర ఎలాగో మనుషుల దగ్గరా అలాగే నిదానస్తుడు. మానేది ఎప్పుడైనా మానవచ్చు గాని, ఓబులేసు పొమ్మన్నందుకు మానితే ఆ మాట జన్మంతా చెప్పి తనను వేపుకు తింటావని నవ్వాడు. ఆమె మానలేదు.

ఆరో వారం సాయిప్రసాద్ ఫ్యాను దగ్గర వేరే మనిషి చిమ్ముతుండటం చూసి, నాగలత ఏదని అడిగాడు. సంగతి తెలిసి ఆమెను వెనక్కి రప్పించడమే కాదు, గ్రీజు పనికి పెట్టమని కాంట్రాక్టరుకు చెప్పాడు. ఆడమనిషి నిచ్చెనలు ఎక్కలేదని, చీర యంత్రంలో పడితే ఎవరిది బాధ్యతని కాంట్రాక్టరు అన్నాడు. చీర మీద చొక్కా కాదు, ప్యాంటూ చొక్కా వేసుకుంటానని ఆమె చెప్పింది. ఎక్కడం గురించి అడిగితే, మేకలకు కొమ్మలు కొట్టడానికి పదేళ్ళప్పటి నుంచి తుమ్మచెట్లు ఎక్కిందాన్ని, నిచ్చెనకు ముండ్లయినా ఉండవు గదా అంది. కాంట్రాక్టరు నవ్వాడు. అలా 2019 జనవరిలో చీపురు పోయి చేతికి గన్ను వచ్చింది. నాలుగు డబ్బాలు తిరిగి రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

అత్త వెంకటలక్ష్మమ్మకు ఈ మార్పు నచ్చలేదు. ప్యాంటు గురించి ఒక్క మాట అనలేదు. ఆమె బాధంతా వాసనే. గ్రీజు వాసనకు పిల్లలు దగ్గరికి రావడం లేదని సణిగేది. పిల్లలంటే గొర్రెపిల్లలు. నాగలత దొడ్లోకి పోతే అవి చేతిని వాసన చూసి ముఖం తిప్పుకునేవి. కొన్నాళ్ళకు అలవాటు పడ్డాయి. అత్త కూడా పడింది.

ఆమె కిందికి నూట నలభై చోట్లు వచ్చాయి. వారానికొకసారి గ్రీజు వేసేవి, నెలకొకసారి వేసేవి, ఏడాదికొకసారి విప్పి నింపేవి. కర్రముక్క ఒక కొన దిమ్మె మీద, ఇంకో కొన చెవి వెనక ఎముక మీద ఆనించి వినడం ఫిట్టర్ల దగ్గర నేర్చుకుంది. బాగున్న బేరింగు సన్నటి ఈల లాంటి చప్పుడు చేస్తుంది. గరగర వస్తే దుమ్ము చేరింది. ఆగి ఆగి టక్కుమంటే లోపల గుంట పడింది. ఏడాది తిరిగేసరికి, నాగలత వినకుండా ఫిట్టర్లు కూడా మూత విప్పడం మానేశారు.

తప్పు జరిగింది ఆ తర్వాతే. 2020 ఫిబ్రవరిలో పాత గన్నులు అరిగిపోయి కొత్తవి వచ్చాయి. బొగ్గు బెల్టు మోటారుకు ఎప్పటిలాగే పద్దెనిమిది దెబ్బలు కొట్టింది. మూడోరోజుకు మోటారు వేడెక్కి ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్లు విప్పి చూస్తే గ్రీజు బేరింగు దాటి రాగి తీగ చుట్ల మీదికి పాకి ఉంది. కొంతమంది వోల్టేజీ తేడా అన్నారు. కొంతమంది సీలు పోయిందన్నారు. గ్రీజు మాట ఎవరూ ఎత్తలేదు. నాగలత అక్కడే నిలబడి, ఆ చుట్ల మీద ఎంత గ్రీజు ఉందో చూసింది. తాను పెట్టింది ఎక్కువైందని ఆమెకు అర్థమైంది. ఎందుకు ఎక్కువైందో అర్థం కాలేదు. ఆరోజు ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చేసింది. గ్రీజు పనికి ఆడమనిషి పనికిరాదని మళ్ళీ అంటారన్నదే ఆమె భయం.

మర్నాడు పొద్దున సాయిప్రసాద్ గదికి పోయి చెప్పింది. ఆయనకు కోపం వచ్చింది. మోటారు పోయినందుకు కాదు. ఒక రోజంతా ఎలక్ట్రీషియన్లు కారణం వెతుకుతూ ఉంటే చూస్తూ ఊరుకున్నందుకు. నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“నిన్న భయపడినా సార్. ఈరోజూ భయపడతానే ఉండా. గాని ఆ పక్క మోటారుకూ నేను పద్దెనిమిదే కొట్టినా. అది ఇంగా తిరగతా ఉండాది.”

ఆయన వెంటనే లేచి ఆ రెండో మోటారు ఆపించాడు. దాని కింది రంధ్రం బిరడా తీసి, అదనంగా ఉన్న గ్రీజును బయటికి రానిచ్చి మళ్ళీ తిప్పారు. అది దక్కింది.

ఎందుకు ఎక్కువైందో లాల్ బాషాకు ఫోను చేస్తే తెలిసింది. గన్ను మారితే దెబ్బ మారుతుంది. ఒక గన్ను దెబ్బకు ముప్పావు గ్రాము ఇస్తే, ఇంకోటి రెండింతలు ఇస్తుంది. తాను కొత్త గన్ను వచ్చినప్పుడల్లా తూకం వేయించేవాడినని, ఆ సంగతి ఆమెకు చెప్పడం మరిచిపోయానని ఆయన బాధపడ్డాడు. ఆదివారం పాతదీ కొత్తదీ రెండు గన్నులూ తీసుకుని రమ్మన్నాడు. అప్పటికి ఒక కంటికి ఆపరేషను అయి ఆయనకు చూపు కుదురుకుంటోంది.

ఇద్దరూ కలిసి ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధికి పోయారు. అక్కడ రామాంజనేయులు అనే ఆయనకు చిన్న నగల అంగడి ఉంది. బాషాకు పాత పరిచయం. బంగారం తూచే త్రాసు మీద గ్రీజు పెట్టాలంటే ఆయన ఒప్పుకోలేదు. ముందోసారి ఒప్పుకున్నందుకు నెల రోజులు త్రాసు తుడిచానని గుర్తుచేశాడు. చివరికి అద్దాల పెట్టెలోని త్రాసు మీద మైనం కాగితం రెండు మడతలు పరిచి, బాషా ముట్టుకోకూడదు, ఆమె ఒక్కతే వెయ్యాలి, చెయ్యి వణకకూడదు అని షరతు పెట్టాడు. పాత గన్నుతో పది దెబ్బలు ఎనిమిది గ్రాములు తూగాయి. కొత్త గన్నుతో పది దెబ్బలు పదిహేడు. నగ కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు లేచి వచ్చి ఆ నల్లటి ముద్దలను వింతగా చూశారు. ఇది ఏమి లోహమని ఒకామె అడిగింది. రామాంజనేయులు నవ్వు ఆపుకుంటూ, మిల్లులకు పెట్టే నగ అని చెప్పాడు.

తర్వాతి వారం నుంచి ఫ్యాక్టరీలో ప్రతి గన్ను మీదా దాని దెబ్బ తూకం తెల్ల పెయింటుతో రాయించాడు సాయిప్రసాద్. జాబితాలో కూడా దెబ్బల లెక్క తీసేసి గ్రాముల్లో రాశారు. కాలిన మోటారు తీగ మళ్ళీ చుట్టించి తెచ్చాక, దానికి మొదటిసారి గ్రీజు పెట్టమని నాగలతకే చెప్పాడు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని పెట్టింది.

సాయిప్రసాద్ 2022లో వేరే రాష్ట్రానికి బదిలీ అయి పోయాడు. ఓబులేసు ఉన్నాడు. మూడేళ్ళ మౌనం ఎలా ముగిసిందంటే, ఒకరోజు ఆయనే వచ్చి బస్తాలు నింపే రోటరీ యంత్రం దగ్గర ఏదో చప్పుడు వస్తోంది, కొంచెం వినిపోతావా అని అడిగాడు. ఆమె పోయి విని, బోల్టు వదులైందని చెప్పింది. అంతే. ఇప్పుడు ఇద్దరూ టీ తాగేటప్పుడు మాట్లాడుకుంటారు. ఎక్కువ కాదు.

పోయిన ఏడాది పులివెందులలో ఒక ఐటీఐ నుంచి వైష్ణవి అనే టీచరు ఫోను చేసింది. ఫిట్టరు బ్యాచిలో పదకొండు మంది ఆడపిల్లలున్నారని, వచ్చి మాట్లాడమని అడిగింది. మాట్లాడటం తన వల్ల కాదని నాగలత రెండుసార్లు తప్పించుకుంది. మూడోసారి మోహనే ఒప్పుకుని, ఆమెను మోటారు సైకిల్ మీద తీసుకుపోయాడు. బోర్డు దగ్గర నిలబడమంటే నిలబడలేదు. బల్ల చుట్టూ పిల్లలను కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, నాలుగు రకాల గ్రీజులు వాళ్ళ వేళ్ళకు అంటించి, ఏది చిక్కన, ఏది జిగురు, ఏది దేనికో ఊహించమంది. సగం మంది తప్పు చెప్పారు. తప్పు చెప్పినవాళ్ళను ఎందుకలా అనుకున్నారో అడిగింది. వైష్ణవి వెనక బెంచీలో కూర్చుని తానూ కళ్ళు మూసుకుని చూసింది.

చివర ఒక పిల్ల, ఇంజనీరుతో మిల్లు ఆపమని చెప్పేటప్పుడు మీకు భయం కాలేదా అని అడిగింది.

“శానా అయింది. భయం పోయినాక చెప్దామని కూర్చుంటే బేరింగు ఆగుతాదా పాపా. అది తిరగతానే ఉంటాది.”

వచ్చేటప్పుడు మోహన్ అరటి గెల ఒకటి కొని బండి ముందు కట్టుకున్నాడు. దారి పొడుగునా అది మోకాలికి కొట్టుకుంటూనే ఉందని ముద్దనూరు దాకా ఆమె అతన్ని విసుక్కుంది. ఆ బ్యాచిలో ఇద్దరు పిల్లలు ఆగస్టులో ఫ్యాక్టరీకి అప్రెంటిసులుగా వచ్చారు. ఒకామె దుమ్ముకు తాళలేక నెలకే పోయింది. భవ్య అనే ఇంకో అమ్మాయి నిలబడింది. పొయ్యి వైపు ముప్పై చోట్లు ఇప్పుడు ఆమె చూసుకుంటోంది. నాగలత వెనకాల పోయి సరిచూడటం మానేసింది.